మా బావ బాప్తిస్మాల చొక్కా

మా అక్క బీరువాలో పై అరలో ఒక తెల్ల చొక్కా ఉండేది. పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ కాదు, అది బావ బాప్తిస్మాల చొక్కా. మామూలు విశ్వాసికి అలాంటి చొక్కాతో ఒక్క పూటే పని. నీళ్ళలో మునిగి లేచాక ఆరేసుకుని, తర్వాత రోజువారీ బట్టల్లో కలిపేసుకుంటాడు. మా బావది మాత్రం ఇస్త్రీ చేసి, మడత పెట్టి, పక్కన తువ్వాలుతో సహా ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. మళ్ళీ ఎప్పుడు అవసరం పడుతుందో ఎవరికి తెలుసు. దాన్ని కుట్టింది నేనే. వీధి చివర కుట్టు దుకాణం నాది. బావకి పొట్ట పెరిగినప్పుడల్లా పక్కలు విప్పి వదులు చేసిందీ, కాలరు నలిగిపోతే తిప్పి కుట్టిందీ నేనే. కాబట్టి ఆ చొక్కా గురించి మాట్లాడే హక్కు నాకుంది.

బావ ఎన్నిసార్లు బాప్తిస్మం తీసుకున్నాడన్న లెక్క ఇంట్లో ఎవరికీ ఒకలా రాదు. మొదటిది పెళ్ళికి ముందు, ఏట్లో. ఆ తర్వాతవి ఊళ్ళో ఉన్న క్రైస్తవ సంఘాలన్నిటిలోనూ, ఒకచోట కానిది ఇంకోచోట. సిమెంటు తొట్టెలో, చెరువులో, ఒకసారైతే ఎవరిదో తోటలో నీళ్ళ ట్యాంకులో. సంఘంలో కుర్రకారు ఆయనకి ‘మళ్ళీ అన్న’ అని పేరు పెట్టారు. నేను ‘మళ్ళీ బావ’ అని పిలిచేదాన్ని. మరదలినన్న చనువు ఉంది కాబట్టి ముఖం మీదే అనేదాన్ని. ఆయన నవ్వేవాడు కానీ ఆ నవ్వు కళ్ళ దాకా వచ్చేది కాదు.

ఎందుకిలా అంటే, ఆయనకి ముక్కు మీద కోపం. చేసేది లిఫ్టు మెకానిక్కు పని. లిఫ్టుల దగ్గర మనుషులు చేసే వెధవ పనులు చూస్తే శాంతమూర్తికైనా తిక్క పుడుతుంది. సామాను ఎక్కించడానికి తలుపుకి ఇటుక అడ్డం పెట్టేవాళ్ళు, తొందరగా వస్తుందని మీటని గుద్దేవాళ్ళు, తలుపుని కాలితో తన్నేవాళ్ళు. బావ నోరు జారేది. జారిందంటే అంతే, ఏ మాట వస్తుందో ఆయన చేతిలో ఉండేది కాదు. తిట్టడం అయిపోయిన మరుక్షణం ముఖం పాలిపోయేది. ఇంటికొచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా గోడకి ఆనుకుని కూర్చుని, ‘నా రక్షణ పోయింది, పరలోకంలో ఇక నాకు చోటు లేదు’ అనేవాడు. ఇంట్లోంచి ఏదో వస్తువు పోయినట్టు అనేవాడు.

ఇక ఇంట్లో భోజనాలు నిశ్శబ్దంగా జరిగేవి. బావ ప్రార్థన చేసేవాడు కాదు, చేసే అర్హత లేదని. పాటలు పాడేవాడు కాదు. ఎక్కడో కూటాలు జరుగుతున్నాయని తెలిస్తే వెళ్ళి, కొత్తగా రక్షణ కావాలనుకునేవాళ్ళు చెయ్యెత్తండి అనగానే అందరికన్నా ముందు ఎత్తేవాడు. తెల్ల చొక్కా దిగేది. నీళ్ళలోంచి లేచాక రెండు మూడు నెలలు ఇల్లు కళకళలాడేది. మళ్ళీ ఎవడో లిఫ్టు తలుపుకి ఇటుక పెట్టేవాడు.

ఇదంతా ఆయన తల్లి చేసిన నిర్వాకమని నా అభిప్రాయం. ఆవిడ మంచిదే, భక్తిపరురాలే, కాదనను. కొడుకుని ఒంటరిగా పెంచింది. వాడు అల్లరి చేసిన ప్రతిసారీ ‘దేవుడు తన పుస్తకంలోంచి నీ పేరు కొట్టేస్తాడు’ అనేది. పాలు ఒలికినా కొట్టేస్తాడు, అబద్ధం ఆడినా కొట్టేస్తాడు. ఆవిడ కన్నుమూసి చాలాకాలమైంది. ఆ మాట మాత్రం కొడుకు గుండెల్లో తిష్ఠ వేసుకుని కూర్చుంది.

మా అక్క దీనికి పూర్తిగా విరుద్ధం. అది పెళ్ళి కాకముందు ఒక్కసారి బాప్తిస్మం తీసుకుంది, ఆ రోజు కుండపోతగా వాన, ముంచకముందే తడిసిపోయింది. ఇక ఆ సంగతి వైపు మళ్ళీ తిరిగి చూడలేదు. తప్పు చేస్తే క్షమించమని అడుగుతుంది, లేచి కూర వండుకుంటుంది. ఒకసారి బావ కొత్త సంఘానికి బయలుదేరుతుంటే చొక్కా అందిస్తూ, ‘ఏమండీ, మనం పోట్లాడుకున్న ప్రతిసారీ మళ్ళీ పెళ్ళి చేసుకుంటున్నామా?’ అని అడిగింది. బావ విననట్టే చెప్పులు వేసుకున్నాడు. చొక్కా మాత్రం తీసుకున్నాడు.

ఇలా సాగిపోతే నాకూ బాధ లేదు, వేళాకోళం చేసుకోవడానికి ఒక బావ ఉన్నాడు చాలు. బాధంతా వాళ్ళ అమ్మాయి గురించి. ఒక్కతే కూతురు. పళ్ళ డాక్టరు దగ్గర పేషంట్లకి వరస ప్రకారం సమయాలు ఇచ్చే ఉద్యోగం. నెమ్మది, నవ్వు ముఖం, తండ్రి కోపం ఒక్క చుక్క కూడా రాలేదు. ప్రతి ఆదివారం గుడికి వస్తుంది, పాటల్లో గొంతు కలుపుతుంది, బైబిలు నాకన్నా ఎక్కువ చదువుతుంది. కానీ బాప్తిస్మం మాట ఎత్తితే తప్పుకునేది. ఇప్పుడే కాదంటుంది, చూద్దాం అంటుంది. తన వయసు వాళ్ళందరూ ఎప్పుడో తీసుకున్నారు. బావకి అదే పెద్ద దిగులు. తను ఎన్నిసార్లు మునిగినా, కూతురు ఒక్కసారి మునిగితే చూడాలని ఆయన ఆశ. నా పాపం వల్లే పిల్ల మనసు గట్టిపడిందని ఆ దిగులుని కూడా తన రక్షణ పద్దులోనే కలుపుకునేవాడు.

అసలు కారణం నాకు తెలుసు. జాకెట్టు కొలతలకి వచ్చినప్పుడు పిల్ల నాతో చెప్పింది, చెప్పి ఎవరితోనూ అనొద్దని ఒట్టు వేయించుకుంది. ‘పిన్నీ, నాన్నంత ప్రార్థించే మనిషిని నేను చూడలేదు. ఆయనకే రక్షణ నిలవట్లేదు. నాకేం నిలుస్తుంది? దిగి, పోగొట్టుకుని, గోడకి ఆనుకుని కూర్చునేకన్నా దిగకపోవడమే నయం కదా’ అంది. టేపు పట్టుకుని అలాగే నిలబడ్డాను. దానికి దేవుడంటే ఎంత ఇష్టమో నాకు తెలుసు. ఆకలేస్తున్న పిల్ల, కంచం జారిపోతుందేమోనని అన్నం దగ్గరికి రాకుండా దూరంగా కూర్చున్నట్టు అనిపించింది.

ఆ మధ్య మా సంఘానికి కొత్త పాస్టరు గారు వచ్చారు. వయసులో బావ కన్నా చాలా చిన్న. వచ్చిన కొద్ది రోజులకే బావ ఎవరినో లిఫ్టు దగ్గర కడిగిపారేసి, చొక్కా సంచిలో పెట్టుకుని ఆయన గుమ్మం ఎక్కాడు. పాస్టరు గారు అంతా విని బాప్తిస్మం ఇవ్వనన్నారు. ఇంతవరకూ ఏ సంఘంలోనూ బావకి ఆ మాట ఎదురుకాలేదు. ఆయన చెప్పినదాన్ని బావ ఇంటికొచ్చి, పళ్ళు నూరుతూ అక్కకీ నాకూ అప్పజెప్పాడు. రక్షణ పోతుందా పోదా అన్న విషయంలో పెద్దల్లోనే రెండు మాటలున్నాయట. విశ్వాసాన్ని వదిలి వెళ్ళిపోయేవాళ్ళ గురించి గ్రంథంలో రాసిన హెచ్చరికలు చదివితే పాస్టరు గారికే ఒళ్ళు జలదరిస్తుందట. కాపరి చేతిలో ఉన్న గొర్రెని ఎవరూ లాక్కోలేరన్న మాట చదివితే మళ్ళీ ప్రాణం లేచి వస్తుందట. రెండూ ఉన్నాయట. కానీ ఏ వైపు పెద్దలైనా సరే, పనిలో నోరు జారినందుకు రక్షణ పోయిందని మాత్రం అనరట. తిట్లు తిన్నవాడి దగ్గరికి వెళ్ళి క్షమించమని అడగమన్నారట.

‘అంటే నీళ్ళలో దిగడం కన్నా అదే కష్టమన్నమాట’ అన్నాను నేను.

బావ నా వైపు ఉరిమి చూశాడు. ఎందుకంటే నేనన్నది నిజం. ఆయన ఇన్నిసార్లు మునిగాడు కానీ, తిట్టించుకున్నవాళ్ళ గుమ్మం ఒక్కసారి కూడా తొక్కలేదు. తన పేరు ఉందా పోయిందా అన్న కంగారులో వాళ్ళ సంగతి ఆయనకి తోచనే లేదు.

ఇంకో సంఘానికి పోదామంటే ఇక ఊళ్ళో మిగల్లేదు. దాంతో బావ మా గుడిలోనే ఆఖరి బెంచీలో, చెప్పులు విడిచే చోటుకి దగ్గరగా కూర్చోవడం మొదలుపెట్టాడు. ప్రభువు బల్ల నాడు, ఆయన జ్ఞాపకంగా పంచే రొట్టె పళ్ళెం వస్తే తీసుకోకుండా పక్కవాళ్ళకి అందించేవాడు. కూతురు ముందు వరసలోంచి తల తిప్పి అది చూసేది. చూసిన ప్రతిసారీ ఆ పిల్ల ఇంకో అడుగు వెనక్కి వేస్తోందని నాకు అర్థమయ్యేది. అక్కకీ అర్థమయ్యేది.

ఇలా ఉండగా నాకు పన్ను నొప్పి వచ్చింది. నొప్పి వస్తే నేను మనిషిని కాను, ముందే చెబుతున్నాను. ఒక పొద్దున దవడ పట్టుకుని పిల్ల పనిచేసే మేడకి వెళ్ళాను. అది అప్పుడే డ్యూటీకి వస్తోంది. ఇద్దరం లిఫ్టు ఎక్కాం. రెండంతస్తులు దాటిందో లేదో కరెంటు పోయింది. లిఫ్టు ఒక్క కుదుపు కుదిపి, కాస్త కిందికి దిగినట్టయి ఆగిపోయింది. పైన చిన్న దీపం ఒకటి గుడ్డిగా వెలిగింది.

పిల్ల వెనక గోడకున్న కడ్డీని రెండు చేతులతో పట్టేసుకుంది. వేళ్ళు తెల్లబడేంత గట్టిగా. ఊపిరి కూడా మెల్లగా తీసుకుంటోంది, గట్టిగా తీసుకుంటే లిఫ్టు పడిపోతుందన్నట్టు. నేను గంట మీట నొక్కి, తలుపు బాది, కరెంటు వాళ్ళని, మేడ కట్టినవాడిని, నా పన్నుని వరసగా తిట్టాను. ఆ మేడ లిఫ్టు చూసేది మా బావే. దగ్గర్లోనే ఎక్కడో పనిలో ఉన్నట్టున్నాడు, మేము అనుకున్నదానికన్నా తొందరగానే వచ్చాడు. పై అంతస్తు తలుపు సందులోంచి ఆయన గొంతు వినిపించింది, లోపల ఎవరున్నారని.

‘నేనే నాన్నా. పిన్ని కూడా ఉంది.’

తర్వాత మాట్లాడిన గొంతు, ఇన్నేళ్ళలో ఇంట్లో గానీ గుడిలో గానీ నేనెప్పుడూ వినని గొంతు. తొందర లేదు, బెదురు లేదు. నోరు జారే మా బావేనా అనిపించింది.

‘తలుపు లాగొద్దు. బయటికి దూకాలని చూడొద్దు. ప్రమాదం ఏదైనా ఉంటే అందులోనే ఉంది. ఊరికే నిలబడండి.’

‘పడిపోతుందేమో నాన్నా.’

‘పడదు. పైన బ్రేకు పట్టుకుని ఉంది. తాళ్ళు చాలా ఉన్నాయి, ఏ ఒక్కటైనా మీ బరువు మోస్తుంది. అన్నీ పోయాయే అనుకో, పెట్టె కింద ఇనప దవడలున్నాయి. కాస్త జోరుగా జారిందంటే అవి పట్టాలని కరిచి పట్టుకుంటాయి. కడ్డీ పట్టుకున్నావా?’

‘ఊ.’

‘రెండు చేతులతోనా?’

‘ఊ.’

బావ చిన్నగా నవ్వాడు. ‘అందరూ అంతే. పట్టుకో, తప్పేం లేదు, ధైర్యంగా ఉంటుంది. కానీ నువ్వు కడ్డీ పట్టుకోబట్టి లిఫ్టు నిలబడి లేదు తల్లీ. నిన్ను పట్టుకున్నవి వేరే ఉన్నాయి, అవి నీకు కనపడవు. చేతులు నొప్పెడితే వదిలెయ్. నువ్వు వదిలేసినా అవి వదలవు.’

పిల్ల ఒక చెయ్యి తీసింది. కాసేపాగి రెండోది తీసింది. లిఫ్టు ఎక్కడిదక్కడే ఉంది. అది తన అరచేతుల వైపు చూసుకుంది. తర్వాత తల పైకెత్తి, చాలా మామూలుగా అడిగింది.

‘మరి నువ్వెందుకు నాన్నా ఇంకా కడ్డీ పట్టుకుని వేలాడుతున్నావు?’

పిల్ల అక్కడితో ఆగలేదు.

‘నీ చెయ్యి జారినప్పుడల్లా మొత్తం పడిపోయిందంటావు. చిన్నప్పటినుంచి చూస్తున్నాను. నీకే నిలవనిది నాకేం నిలుస్తుందని నేను నీళ్ళలో దిగలేదు. నువ్వు ఇప్పుడు చెప్పింది నిజమైతే ఇదే మాట ఆదివారం కూడా చెప్పు.’

బావ చేతిలో పానా ఉన్నట్టుంది, దాన్ని నేల మీద పెట్టిన చప్పుడు వినిపించింది. నా పన్ను నొప్పి ఏమైందో నాకే తెలియదు. మేడ పైన మిషను గదికి వెళ్ళి చక్రం తిప్పి దించుతాను, కదిలితే భయపడకండి అని మాత్రం చెప్పి వెళ్ళాడు. లిఫ్టు నెమ్మదిగా కింది అంతస్తు దాకా దిగింది. తలుపు తెరిచినప్పుడు ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కూతురి తల మీద చెయ్యి వేశాడు, ఆ చేతికి గ్రీజు ఉందన్న సంగతి ఇద్దరికీ గుర్తులేదు. పిల్ల ఆ రోజంతా జుట్టుకి గ్రీజుతోనే పేషంట్లని పిలిచింది.

ఆ వారమంతా బావ అదోలా తిరిగాడు. పాస్టరు గారు టీకి వచ్చినప్పుడు తన మనసులో ఉన్న ముల్లు బయటపెట్టాడు. పట్టుకున్నవి వదలవు సరే. కానీ లిఫ్టు ఆగిపోయినప్పుడు తలుపు బలవంతంగా లాగి దూకేవాళ్ళూ ఉంటారు, వాళ్ళ గతేమిటో తను కళ్ళారా చూశాడు. తను కూడా అలా ఎప్పుడో దూకేసి ఉంటే? దూకిన సంగతి తనకి తెలియకపోతే?

పాస్టరు గారు టీ గ్లాసు కింద పెట్టారు. దూకేవాళ్ళ సంగతి తనకి పూర్తిగా తెలుసని చెప్పలేనన్నారు ముందు. తర్వాత అన్నారు: ‘కానీ అన్నా, దూకిపోదామనుకున్నవాడు ఎవడూ, దూకేశానేమో చూడండి బాబూ అని ప్రతి ఆదివారం లిఫ్టులోంచే అడగడు.’

అక్క ఫక్కున నవ్వింది. బావ నవ్వలేదు, కానీ ఆయన భుజాలు దిగాయి. ఏళ్ళ తరబడి బిగించి ఉంచిన భుజాలు అవి, చొక్కాలు కుట్టేదాన్ని కాబట్టి నాకు తెలిసింది. ఆ ఆదివారం రొట్టె పళ్ళెం ఆఖరి బెంచీకి వచ్చినప్పుడు బావ తీసుకున్నాడు. తీసుకుని చాలాసేపు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాడు. నాకు ఏడుపొచ్చింది. వచ్చిందని చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

మర్నాడు పిల్ల తెల్ల చొక్కా పట్టుకుని నా దుకాణానికి వచ్చింది. ‘నా కొలతకి సరిచెయ్యి పిన్నీ’ అంది. నేను కత్తెర తీసి, పక్కల్లో నేను ఎన్నోసార్లు వదిలిన గుడ్డంతా మళ్ళీ లోపలికి తీసుకుని, కత్తిరించి, కుట్టేశాను. ఇక అది బావ ఒంటికి పట్టే అవకాశమే లేదు. ఆ పని అంత ఇష్టంగా నేను ఏ పెళ్ళి బట్టా కుట్టలేదు.

గుడి వెనక ఆవరణలో సిమెంటు తొట్టె నింపారు. పిల్ల నీళ్ళలో దిగింది, మునిగింది, లేచింది. బావ మొదటిసారి గట్టు మీద పొడి బట్టలతో, తువ్వాలు పట్టుకుని నిలబడ్డాడు. ఎలా నిలబడాలో తెలియక కాళ్ళు మారుస్తూ నిలబడ్డాడు. కూతురిని తువ్వాల్లో చుట్టి దగ్గరికి తీసుకున్నాడు. అందరం పాట అందుకున్నాం.

సరిగ్గా అప్పుడే కుర్చీలు తెచ్చిన వ్యాను వాడు వెనక్కి చూసుకోకుండా బండి నడిపి, గుడి గేటుని ఢీకొట్టాడు. అక్కడ మూడడుగుల దూరంలో పిల్లలు ఆడుకుంటున్నారు. బావ పాట మధ్యలోనే ఒంటికాలి మీద లేచాడు. కళ్ళు నెత్తికెక్కాయా అన్నది మొదటి మాట. మిగతావి నేను రాయను. పాట ఆగిపోయింది. వ్యాను వాడు స్టీరింగు వెనక గడ్డకట్టిపోయాడు.

బావ నోరు మూసుకున్నాడు. ముఖం పాలిపోయింది. మాకందరికీ బాగా తెలిసిన పాలిపోవడమే అది. మెల్లగా తిరిగి తొట్టె దగ్గరికి వచ్చాడు. తొట్టె నిండా నీళ్ళున్నాయి. పాస్టరు గారు ఇంకా నడుము లోతు నీళ్ళలోనే ఉన్నారు. అక్క నా చెయ్యి పట్టుకుంది.

తువ్వాల్లోంచి పిల్ల అడిగింది. ‘చొక్కా కావాలా నాన్నా?’

బావ కూతురి ఒంటి మీద నీళ్ళోడుతున్న చొక్కాని చూశాడు. తొట్టెని చూశాడు. ‘వద్దమ్మా’ అన్నాడు. ‘అయ్యగారూ, మీరు పైకి రండి.’

పాస్టరు గారు గట్టెక్కారు. బావ తన చొక్కా చేతులు పైకి మడుచుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, భుజం దాకా నీళ్ళలో ముంచి గొలుసు పట్టి అడుగునున్న బిరడా లాగేశాడు. నీళ్ళు గుడగుడమంటూ కాలవలోకి పోవడం మొదలుపెట్టాయి. ఆయన అది చూస్తూ కూర్చోలేదు. తడి చెయ్యి పంచెకి తుడుచుకుంటూ వ్యాను వైపు నడిచాడు. అక్కడ ఏం మాట్లాడుకున్నారో మాకు వినపడలేదు. డ్రైవరు ముందు తల అడ్డంగా ఊపాడు, తర్వాత నిలువుగా ఊపాడు. ఇద్దరూ కలిసి వంగిన గేటుని సరిచేశారు. భోజనాల దగ్గర బావ అతన్ని తన పక్కనే కూర్చోబెట్టుకుని, తనే ప్రార్థన చేసి, తనే వడ్డించాడు.